తాంబూలంలో గోలీ

ధర్మవరం,
29 జనవరి 2025

అక్కా,

మన నాయన నిద్రను దొంగిలించినవాడు మార్కండేయులు. ఈ మాట ముందు రాయకపోతే నా చేయి నిలిచేట్టు లేదు. క్షేమ సమాచారాలు కింద రాస్తాను, ఉంటే.

మార్కండేయులంటే మనకు పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారే. నీ పెళ్ళిలో ముందు వరసలో కూర్చొని రవికుమార్ బావ నెత్తిన అక్షింతలు వేసినవాడే. కొత్త వార్పు పోగుల చుట్ట ఇచ్చే రోజు దాన్ని వాళ్ళింట్లో అమ్మవారి పటం ముందు పెట్టి, ఆకూ వక్కా అరటిపండూ మన చేతిలో పెట్టి పంపడం నీకు తెలిసిందే. ఆ తాంబూలం వేసుకోకుండా మనవాళ్ళెవరూ మగ్గం గుంతలో కాలు పెట్టరు. దసరా పోయినప్పటినుంచి ఆ ఆకుల మధ్య చిన్న కాగితం పొట్లం ఒకటి ఉంటోంది. అందులో తెల్ల గోలీలు. "అలుపు గోలీలప్పా. మాఘమాసం ముహూర్తాలు నెత్తిన కూచోనుండాయి. ఒగటేసుకుంటే నడుము నీదో మందిదో తెలీకుండా పోతాది" అంటాడు. చేతులు జోడించి మరీ ఇస్తాడు, దుర్మార్గుడు.

"ఇది ఏందో తెలుసునా నీకు?" అని నాయనను అడిగాను.

"దేవుని కాడ పెట్టిచ్చింది. కాదనేదెట్లరా?" అన్నాడు.

మొదట్లో నాయన పెళ్ళికొడుకులా నేశాడు. నేను పక్క మగ్గం మీద కూర్చొని సిగ్గుపడేవాడిని, ఆ వయసులో ఆయనకున్న చురుకు నాకు లేదే అని. ఇప్పుడు మగ్గం మీద ఉన్నంతసేపూ పళ్ళు కొరుకుతాడు. అన్నం పెడితే కెలికి లేస్తాడు. నిన్న పొద్దున నిచ్చెన వేసుకొని, మగ్గం నెత్తిన డిజైను తీసే జాకార్డు మీదికి ఎక్కాడు. దాని వెనక ఎవరో ఉన్నారట.

"దారాలు లెక్కపెడతాండారురా. ఇంటాండావా? మీయమ్మే పంపిచ్చింటాది."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది.

బస్టాండు దగ్గర మత్తు మీద అచ్చేసిన చిన్న పుస్తకం ఒకటి కొన్నాను. డోపమిన్ అనే పదార్థం మనిషిని బానిసను చేస్తుందని అందులో ఉంది. ఈ గోలీల్లో ఉన్న విషం అదేనని నా నమ్మకం. సెల్‌ఫోను చూసినా అదే ఊరుతుందట. అందుకే ఫోను వదిలేశాను. నాతో మాట్లాడాలంటే ఇక ఉత్తరమే.

ఒక గోలీని నా పాత కరపత్రం ముక్కలో చుట్టి ఇందులో పెట్టాను. నువ్వు హిందూపురం ఆస్పత్రిలో మందుల కౌంటరులో కూర్చుంటావు కదా. ఇదేమిటో, మనిషి తలలో ఏం చేస్తుందో రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు,
తిరుపాల్

క్షేమ సమాచారాలు లేవు.


పెనుకొండ,
4 ఫిబ్రవరి 2025

ఒరే తిరుపాలూ,

"మిగతాది నేను చూసుకుంటాను" అన్న మాట చదివి నాకు భయం పట్టుకుంది. నువ్వు చూసుకున్న పని ఇంతవరకూ ఒక్కటీ చక్కగా ముగియలేదు. అది అట్లుంచి, అమ్మ ఫోను ఎందుకు మోగడం లేదు? దాన్నేం చేశావు?

నీ గోలీ పొడి అయి చేరింది. పొడి చూసి పేరు చెప్పడానికి నేను సోదెమ్మను కాదు. కానీ నీ ఉత్తరాన్ని మా ఆస్పత్రి మానసిక వైద్యురాలు ఝాన్సీ గారికి చదివి వినిపించాను. ఉత్తేజం కలిగించే మందుల జాతి అయ్యుంటుంది, మనిషిని చూడకుండా గట్టిగా చెప్పలేనన్నారు. ఆ జాతి మందుల్లోనే కొన్నింటిని కుదురుగా కూర్చోలేని పిల్లలకు, పగలు కూడా నిద్ర ముంచుకొచ్చే జబ్బున్నవాళ్ళకు కొలిచి, గమనిస్తూ ఇస్తారు. ఆకుల్లో చుట్టి ఇవ్వరు.

డోపమిన్ విషం కాదురా. అది గోలీలో ఉండదు, నీ తలలోనే ఉంటుంది. అమ్మ బొరుగుల ఉగ్గాని కలుపుతుంటే నువ్వు పళ్ళెం పట్టుకొని ముందే కూర్చుంటావే, అప్పుడు నిన్ను కూర్చోబెట్టేది కూడా అదే.

మన సందును అనుకో. ఇటు మనిల్లు, అటు ఓబుళప్ప మామ ఇల్లు. మెదడులో కణాలు అట్లాగే ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాన్నొకటి తాకవు. ఇటు కణం ఏదైనా చెప్పాలనుకుంటే మనుషులను పంపుతుంది. ఆ మనుషులే డోపమిన్. వాళ్ళు సందు దాటి ఎదురింటి తలుపు తడతారు. చెప్పడం అయిపోయాక మనింటివాళ్ళే తలుపు తీసి వాళ్ళను లోపలికి పిలుచుకుంటారు, మళ్ళీ పంపడానికి. సందు ఖాళీ అవుతుంది.

ఉత్తేజపు మందుల్లో ఒక రకం వచ్చి, వాళ్ళు తిరిగొచ్చే తలుపుకు అడ్డంగా నిలబడుతుంది. ఇంకో రకం ఇంట్లోకే దూరి, లోపల ఉన్నవాళ్ళను కూడా బయటికి తోసేస్తుంది. సందు నిండా జనం. ఎదురింటి తలుపు ఆగకుండా బాదుతూనే ఉంటారు. మనిషికి ఆకలి లేదు, చేస్తున్న పని తప్ప వేరే లోకం లేదు. నోరడ్రినలిన్ అని ఇంకో గుంపు ఉంది, అదీ ఇట్లాగే నిలిచిపోతుంది; గోలీ వేసుకున్నవాళ్ళకు గుండె దడ అందుకే. అలుపు ఎక్కడికీ పోలేదు. దాని మాట వినబడనంత గోల, అంతే.

నెలల తరబడి ఇట్లా బాదితే ఎదురింటివాళ్ళు ఏం చేస్తారు? కొన్ని తలుపులు తీసేసి గోడ కట్టుకుంటారు. అప్పుడు ఒక గోలీ చాలదు. గోల హద్దు మీరితే, లేనిచోట కూడా ఏదో ఉన్నట్టు కనబడుతుంది. జాకార్డు వెనక మనిషిని అమ్మ పంపలేదు, ఆ గోల పంపింది. ఈ మాట అమ్మకు చదివి వినిపించు.

గోలీలు మానాల్సిందే. కానీ మాన్పించేటప్పుడు మనిషి పక్కన మనిషి ఉండాలి, డాక్టరు కన్ను ఉండాలి. పదమూడో తేదీ గురువారం నాయనను తీసుకొని హిందూపురం బండికి రా. అంతవరకు ఆగు. ఎవరినీ రెచ్చగొట్టకు.

నీ అక్క,
గీతాంజలి

బావ అడుగుతున్నాడు, ఉత్తరం రాస్తే డోపమిన్ ఊరదా అని. నువ్వే జవాబు రాయి.


ధర్మవరం,
8 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ సందు మాట మహత్తరం. కరపత్రంలో వేసేశాను. "మార్కండేయులు మన మెదడు తలుపులకు తాళాలు వేశాడు. మేలుకో నేతన్నా!" ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దించి, సందంతా పంచాను. ఓబుళప్ప మామ కళ్ళజోడు పెట్టుకొని చదివి, "యా తలుపబ్బా? నిన్నగూడా తీసేవుండె గదా" అన్నాడు. కూర్చోబెట్టి వివరించాల్సి వచ్చింది.

నువ్వు ఆగమన్నావు. అక్కా, లోకంలోని షావుకార్లందరూ చెప్పేది ఆ ఒక్క మాటే. ఆస్పత్రి జీతం తీసుకునేసరికి నీకూ ఆ మాట అలవాటైంది. పక్క మనిషి, డాక్టరు కన్ను! ఇక్కడ మనుషులు గోలీకి బానిసలై పడుంటే గురువారం దాకా బండి టైము చూసుకోమంటావా?

నిన్న సాయంత్రం సందులో అందరినీ నిలబెట్టాను. మగ్గాలన్నీ ఆగాయి. అంత నిశ్శబ్దం మన సందులో నేనెప్పుడూ వినలేదు. మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. కొండప్పన్న మొదట వచ్చి పొట్లాన్ని మురుగు మోరీలో వేశాడు. తర్వాత ఓబుళప్ప మామ. తర్వాత వరసగా అందరూ.

చివరికి నాయన వచ్చాడు. పొట్లం తాంబూలంలోనే ఉంది, విప్పలేదు. "ఆకులు గూడా ఎయ్యాల్నారా?" అన్నాడు. "ఆ ఆకులోనే కదా నాయనా ఈ పాపం వచ్చింది, వెయ్యి" అన్నాను. చెప్పులు విడిచి, మోరీ ముందర చేతులు జోడించి, ఆకూ వక్కా పొట్లమూ కలిపి వదిలాడు. నీళ్ళలో ఆకు తేలిపోతుంటే కనబడినంతసేపూ చూశాడు. నాకు కన్నీళ్ళు వచ్చాయి.

సోమవారం ఉదయం పది గంటలకు మార్కండేయులు ఇంటి ముందర సభ. మైకు సెట్టు చెప్పాను. ఇక గురువారం ఆస్పత్రి ఎందుకు? రోగం మోరీలో పోయింది.

విప్లవాభివందనాలతో,
తిరుపాల్

అమ్మ ఫోను భద్రంగానే ఉంది. ఆమె కూడా రీళ్ళు చూడటం ఎక్కువైందని దాచిపెట్టాను.


ధర్మవరం,
10 ఫిబ్రవరి 2025

అక్కా,

ద్రోహం జరిగింది.

పది గంటలకు మైకు సెట్టు ఆటోతో నిలబడ్డాను. ఒక్కడూ రాలేదు. ఒక్కడంటే ఒక్కడు! మైకతను నాలుగు వైపులా చూసి, "మంది యాడన్నా?" అన్నాడు. "వస్తాండారు" అన్నాను. ఎండెక్కింది. మార్కండేయులు వసారాలోకి వచ్చి, "ఏం తిరుపాలూ, ఎండలో నిలబడుకోనుండావు. మజ్జిగ తాగుతావా?" అన్నాడు. ఆ మజ్జిగ మాట నేను చచ్చేదాకా మరువను.

సందులోకి పరుగెత్తాను. అన్ని ఇళ్ళల్లోనూ మగవాళ్ళు పడుకొని ఉన్నారు. ఓబుళప్ప మామను లేపబోతే సరోజమ్మత్త చీపురు ఎత్తింది.

"శుక్రారం మాపున ఒరిగినోడు. నీళ్ళకు లేస్తాండాడు, అంత సంగటి మింగుతాండాడు, మళ్ళా పడిపోతాండాడు. లేపినావంటే నీ కరపత్రాలన్నీ పొయ్యిలో పెడతా, సూడు!"

కొండప్పన్న మాత్రం లేచి గోడకు ఆనుకొని ఉన్నాడు. "అన్నా, మాటిచ్చినావు గదా" అంటే, నా వైపు చూడకుండా, "ఏమీ లేదురా తిరుపాలూ. దేనిమీదా ఏమీ లేదు" అన్నాడు. ఇదేం జవాబు? మార్కండేయులు కొనేశాడని అర్థం కాదా? లేకపోతే మన సందు నీళ్ళ ట్యాంకులో నిద్రమందు కలిపించి ఉంటాడు. ఇంతమంది ఒకేసారి పడుకోవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాయన కూడా అంతే. రెండు దినాలు శవంలా నిద్రపోయాడు. ఇప్పుడు నిద్ర లేదు, లేవడమూ లేదు. గోడవైపు తిరిగి, "అమ్మవారి ఆకు మోరీలో ఏసినా. తల్లి నా చేతులు ఇరిసేసింది" అని అదే మాట. గోలీ వదిలించుకున్నవాడు సింహంలా లేవాలి కదా! నాకు ఒళ్ళు మండిపోయింది. "నీది భయం. దేవుని పేరు చెప్పుకునే పిరికోడివి నువ్వు" అన్నాను. అమ్మ నన్ను చెంప మీద కొట్టింది.

నీ ఝాన్సీ డాక్టరును అడుగు, నీళ్ళలో కలిపే నిద్రమందు ఏదైనా ఉందా అని.

తిరుపాల్


హిందూపురం,
11 ఫిబ్రవరి 2025

తిరుపాలూ,

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం ఇప్పుడే కౌంటరు మీదికి వచ్చింది. మందు చీటీలు పక్కకు పెట్టి రాస్తున్నాను. వరసలో నిలబడినవాళ్ళు నన్ను తిడుతున్నారు.

నిన్నటి సభకు ఎవరూ వచ్చి ఉండరు. నేను ఇక్కడినుంచే చెబుతాను. నెలల తరబడి నిద్ర లేని మనుషులకు "మేలుకో" అని కరపత్రం వేసినవాడివి ఈ జిల్లాలో నువ్వొక్కడివే ఉంటావు.

ద్రోహమని అరుస్తూ ఉంటావు, నాకు తెలుసు. అది ద్రోహం కాదు. సందు కథ సగమే రాశాను, ఆ తప్పు నాది. మిగతా సగం విను. పంపే ఇంట్లో మనుషులు అయిపోయారు. ఉన్న కొద్దిమంది వెళ్ళినా, ఎదురింట్లో తలుపుల చోట గోడలున్నాయి. గోలీ ఆపిన రోజున సందంతా ఒక్కసారిగా ఖాళీ. ఇంతకాలం అణిచిపెట్టిన నిద్ర ముందు వచ్చి మీద పడుతుంది. ఆకలి వస్తుంది. ఆ రెండూ తీరాక అసలుది వస్తుంది: ఏమీ వద్దనిపించడం. తిండి, మగ్గం, పిల్లలు, దేనిమీదా మనసు పోదు. మనిషి దాన్ని బద్ధకం అనుకుంటాడు, పాపం అనుకుంటాడు, తన బతుకే అంత అనుకుంటాడు.

మనవాళ్ళను నిద్రపోనివ్వు. నిద్ర తర్వాత వచ్చేదాన్ని చూసుకో. నాయనను ఒంటరిగా వదలొద్దు. పెరట్లోకి పోయినా వెనకే పో. ఆయన చేసిన దాన్ని గానీ, చెయ్యని దాన్ని గానీ ఒక్క మాట అనొద్దు. ఇంట్లో గోలీలు ఇంకా ఏమైనా ఉంటే అమ్మ చేతికివ్వు.

ఓబుళప్ప మామ ఫోనుకు చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదో ఇప్పుడైనా తెలిసిందా?

డ్యూటీ మార్చుకున్నాను. రేపు మధ్యాహ్నం బండికి వస్తున్నాను.

గీతక్క


ధర్మవరం, మార్కండేయులు ఇంటి మెట్ల మీదినుంచి,
12 ఫిబ్రవరి 2025

అక్కా,

నాయన కనబడటం లేదు.

నిన్న తెల్లారి లేచి చూస్తే పడక ఖాళీ. చెప్పులు లేవు. అమ్మ బుక్కపట్నం పోయింది, తన అన్నగారింటికి నాయన ఏమైనా పోయాడేమోనని. నేను కనగానపల్లి రోడ్డంతా సైకిలు మీద తిరిగాను. ఎత్తుకుపోయింది మార్కండేయులే. గోలీ సంగతి బయట పెట్టేవాళ్ళలో నాయన పెద్దవాడు, ఆయన నోరు మూయించాలి గదా. అందుకే ఈ మెట్ల మీద కూర్చున్నాను. మిగిలిపోయిన కరపత్రాల వెనక రాస్తున్నాను.

మార్కండేయులు బయటికి వచ్చాడు.

"రేయ్, మీ నాయన ఊహ తెలిసినప్పటినుంచి నాకాడ నేస్తాండాడు. దాచిపెట్టుకోను ఆయప్పేమన్నా జరీ రీలా?"

"గోలీ నీ తాంబూలంలో రాలేదా?"

"వచ్చె. నేనేమన్నా నోరు తెరిచి పోసినానా?"

"అమ్మవారి ముందర పెట్టిచ్చినాక పోసినట్టు కాదా?"

తనూ మెట్టు మీద కూర్చున్నాడు. "బెంగళూరు అంగడోళ్ళు పెండ్లి తేదీ ఏసి పంపిస్తారబ్బా. ఆ దినానికి చీర పోకుంటే ఇంగో ఊరికి పోతారు. నేనూ ఏసుకుంటాండా. సూడు" అని చేయి చాపాడు. ఆకు కంపించినట్టు కంపిస్తోంది. నేను జాలిపడలేదు. ఆ చేత్తోనే కదా మనకు ఇచ్చింది.

నాయనను తెచ్చి అప్పగించేదాకా లేవనన్నాను. "కూచో. నాగ్గూడా తెలిస్తే బాగుండు యాడికి పోయినాడో" అని లోపలికి పోయాడు. అదొక నటన.

అక్కా, ఒకటి రాయాలి. నేను పిరికోడివి అన్నప్పుడు నాయన కోప్పడలేదు. తల ఊపాడు, అవునన్నట్టు. కోప్పడి ఉంటే బాగుండేది. ఈ మెట్ల మీద కూర్చున్నప్పటినుంచి ఆ తల ఊపడమే కనబడుతోంది. మార్కండేయులే తీసుకుపోయి ఉండాలి. వేరే ఏదీ అయ్యుండకూడదు.

మైకతను వచ్చాడు. ఇది పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు.

తిరుపాల్


పెనుకొండ,
12 ఫిబ్రవరి 2025, బావ చేతికిచ్చి

తిరుపాలూ,

నాయన మా ఇంట్లో ఉన్నాడు. బతికి ఉన్నాడు. ఈ రెండు మాటలు మళ్ళీ చదివి అప్పుడు కిందికి రా.

ఎక్కడ ఏ గొడవలో ఉన్నావో తెలియదు, లేచి బావ వెంట ఇంటికి పో. నాయన చెబితేనే తెలిసింది, అమ్మ ఫోనును బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టావట. నిన్న సాయంత్రం నుంచి ఆ డ్రమ్ముకే ఫోను చేస్తున్నాను. ఓబుళప్ప మామ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. మనుషులను ఒకరికొకరు కాకుండా చేయడానికి మార్కండేయులు అక్కర్లేదురా, నువ్వు చాలు.

నిన్న బావ నన్ను తీసుకుపోవడానికి పెనుకొండ స్టేషనుకు వచ్చాడు. ప్లాట్‌ఫారం చివర, ఎవరూ కూర్చోని చోట, కాళ్ళు పట్టాల వైపు వేలాడేసుకొని ఒక మనిషి కనబడ్డాడు. దగ్గరికి పోతే నాయన. బావ ఏమీ అడగలేదు. పక్కన కూర్చొని, "మామా, టీ తాగుదాం రా" అన్నాడు. కాసేపటికి నాయన లేచాడు. నా బండి వచ్చేసరికి ఇద్దరూ టీకొట్టు దగ్గర ఉన్నారు.

ఇంటికి వచ్చాక నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నువ్వు చదవాలి. "మీ ఇంటికనే ఎక్కినా గీతా. దిగినాంక యాటికి పోవాల్నో తెలీకపాయ. పట్టాలు సూస్తా కూచుంటి. ఆడికి దిగితే అంతా నిమ్మళమైపోతాదనిపిచ్చె."

ఈ పొద్దు హిందూపురం తీసుకుపోయాను. గురువారం దాకా ఆగలేదు. ఝాన్సీ గారు తిట్టలేదు, బుజ్జగించలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. నాయన "ఔ" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉండమంటే నాయన గీత ఇంట్లోనే ఉంటానన్నాడు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉంచకూడదని, ఏ మాత్రం తేడా వచ్చినా వెంటనే తేవాలని, రేపు మళ్ళీ చూపించాలని ఒప్పందం మీద పంపారు.

సందు సంగతి ఆయనకు ఆవిడే చెప్పారు. అంతా విని నాయన ఒకటే అడిగాడు: "ఎదురింటోళ్ళు తలుపులు మళ్ళా పెట్టుకుంటారామ్మా?"

"పెట్టుకుంటారు. నిదానంగా. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. అంతవరకు మీకు ఏదీ బాగుందనిపించదు. బాగుండదని కాదు, ఆ కబురు మీకు ఇంకా అందడం లేదని అర్థం."

"అమ్మవారి ఆకు మోరీలో ఏసినా, తల్లీ."

"ఆకులో పొట్లం పెట్టింది మీరు కాదు కదా" అన్నారు ఆవిడ.

నాయన నీమీద ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. "వానికి తిండి ఎవురు పెడతాండారో" అన్నాడు.

ఇంకో మాట. కొండప్పన్న ఎట్లున్నాడు? మన సందులో నాయన ఒక్కడే కాదు కదా మోరీ ముందు నిలబడింది. ఈ ఉత్తరం మడిచి పెట్టి ఆయనింటికి పో. సభలో మాట్లాడినట్టు మాట్లాడకు. ఊరికే కూర్చో.

గీతక్క


ధర్మవరం,
17 ఫిబ్రవరి 2025

అక్కా,

పెనుకొండలో నాయన పక్కన కూర్చొని వచ్చినప్పటినుంచి నీకు రాయాలని కాగితం తీస్తాను, పెడతాను. నేను చేసింది తప్పని పేజీలు నింపను. నింపితే నాకు తేలిక అవుతుంది, నాయనకు ఏమీ కాదు.

కొండప్పన్న ఇంటికి ఆ రోజే పోయాను. వాళ్ళావిడ ఆయనను ఇంట్లో పెట్టి గడియ వేసి పనికి పోయింది. కిటికీలోంచి పిలిస్తే పలకలేదు. నేను అరవబోయి, నీ మాట గుర్తొచ్చి, గుమ్మం ముందు కూర్చున్నాను. పొద్దు వాలేవేళకు లోపలినుంచి, "పోలేదారా ఇంగా?" అన్నాడు. "లేదన్నా" అన్నాను. "ఆకలైతాంది" అన్నాడు. నా జీవితంలో ఇంత గొప్ప మాట నేను ఏ మైకులోనూ వినలేదు. బావ ఆయనను ఝాన్సీ గారి దగ్గరికి తీసుకుపోయి చూపించి తెచ్చాడు. ఇప్పుడు సందులో ఒకరి ఇంట్లో ఒకరం ఉంటున్నాం. సరోజమ్మత్త నాకు పనులు పురమాయిస్తోంది. "ఏం లీడరూ, ఈ పొద్దు ఎవురింటి కాడ కాపలా?" అని ఎగతాళి. చీపురు మాత్రం దించింది.

ఇద్దరు మళ్ళీ గోలీలు తెచ్చుకున్నారు. మార్కండేయులు ఇవ్వకపోయినా ఎక్కడో దొరుకుతున్నాయి. మునుపటి తిరుపాల్ అయితే వాళ్ళ పేర్లు గోడ మీద రాసి ఉండేవాడు.

కోపం తగ్గిందనుకోకు. నిన్న మళ్ళీ ఆ మెట్లెక్కాను. "ఏమప్పా, నీ చేయి ఇంకా వణుకుతాందా?" అన్నాను. చేయి దాచుకున్నాడు. "ఆదివారం డాక్టరమ్మ మా సందుకు వస్తోంది. నువ్వూ రా. ముందు నీకు చూపించుకో. చూపించుకున్నాక అందరి ముందర నిన్ను అడుగుతాను, ఆ పొట్లం అమ్మవారి దగ్గర ఎందుకు పెట్టావని." లోపలికి తిరిగి, "మజ్జిగ తాగి పో" అన్నాడు. ఈసారి తాగాను. వస్తాడో రాడో తెలియదు.

అమ్మ ఫోను బియ్యంలోంచి తీసి చార్జింగు పెట్టాను. నా ఫోను సంగతి నేను ఆలోచిస్తున్నాను. నవ్వకు.

ఝాన్సీ గారు వస్తానన్న ఆదివారానికి సభ వేళ ఒక్కొక్కరినీ అడిగి పెట్టాను. పొద్దున ఎవరూ లేవలేమన్నారు. కరపత్రం కింద రాస్తున్నాను. ఝాన్సీ గారికి చూపించి, తప్పు ఉంటే దిద్ది, అమ్మకు ఫోను చేసి చెప్పు. నాయనకు చదివి వినిపించు. ఆయన వద్దంటే వద్దు.

తిరుపాల్


మన సందు నేతవాళ్ళకూ, వాళ్ళ ఇంటివాళ్ళకూ:

తాంబూలంలో గోలీ పెట్టి ఇచ్చినవాడు మార్కండేయులు. ఆకూ వక్కా తీసుకుందాం. గోలీ తీసుకోం.

మానేసినవాళ్ళకు నిద్ర ముంచుకొస్తుంది, తర్వాత దిగులు వస్తుంది. అది పిరికితనం కాదు, అమ్మవారి కోపమూ కాదు. తలలో ఖాళీ అయింది మళ్ళీ నిండటానికి కాలం పడుతుంది. అంతవరకు ఎవరినీ ఒంటరిగా వదలవద్దు. చచ్చిపోవాలనిపిస్తే దాచుకోవద్దు, ఆదివారం దాకా ఆగవద్దు, ఏ వేళైనా మా తలుపు తట్టండి, ఆస్పత్రికి వెంట వస్తాం.

మానలేకపోతున్నవాళ్ళూ రావచ్చు. మిగిలిన గోలీలు తీసుకొని రండి. ఎవరూ ఏమీ అనరు. ఎట్లా మానాలో డాక్టరమ్మ ఒక్కొక్కరిని చూసి చెబుతారు. ప్రతి ఒక్కరి వెంటా ఇంట్లోంచి ఒకరు రావాలి.

ఒక చీరకు ఎన్ని దినాలు కావాలో ఇకమీదట నేసేవాళ్ళం చెబుతాం. బెంగళూరు తేదీలు ఆ తర్వాత.

మా నాయన వెంకటేశులు వస్తున్నాడు. ఆయనను ఏమీ అడగవద్దు. పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకోండి.

ఓబుళప్ప ఇంటి అరుగు ముందర. ఇరవైమూడో తేదీ ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు.